ఒక్కొక్కరికి ఒక్కో తోడు

సోమవారం, గేటు మూసిన మొదటి వారం

పొద్దున వచ్చీ రాగానే గోనె పట్టాలు తడిపి గాలి గొట్టం నోటికి కట్టాను. పైన ఎండ ముదిరిందంటే ఆ గొట్టంలోంచి పొయ్యి ముందు కూర్చున్నట్టు సెగ కొడుతుంది. పట్టాలు తడిగా ఉన్నంతసేపే బడిలో ఊపిరి తీసుకోవడం సులువు. తర్వాత చదువు గదుల అద్దాలు తుడిచాను. పిల్లల వేలిముద్రలు లోపలివైపే ఉంటాయి, బయటివైపు ఉండవు. ఒకరి గది అద్దాన్ని మరొకరు ముట్టుకోరు.

నిన్న సాయంత్రం గేటు మూశారు. ఇంక మిరుగం కార్తె వచ్చి, నాలుగు వానలు పడి, నేల చల్లబడేదాకా తెరవరు. మా తాతల కాలంలో ఈ బాయిలోకి బొగ్గు తవ్వడానికి దిగేవారట. షిఫ్టు అయిపోగానే పైకి ఎక్కి ఇళ్లకు పోయేవారట. పైన ఎండకు మనిషి బతకడు కాబట్టి మాకు ఎండాకాలమంతా ఇదే ఇల్లు, ఇదే వీధి, ఇదే బడి. ఇదంతా తెలిసిందే అయినా రాస్తున్నాను, ఎందుకంటే గేటు మూసి ఉన్నన్నాళ్లూ ప్రతి విభాగం నుంచి ఒకరు జరిగింది జరిగినట్టు రాయాలని బస్తీ కమిటీ నియమం. బడి తరఫున రాయడానికి నేను తప్ప ఎవరూ లేరు. బడిలో మనిషి టీచరును నేనొక్కదాన్నే.

పిల్లలు వచ్చారు. ఎవరి గదిలోకి వాళ్లు వెళ్లి తలుపు వేసుకున్నారు. ప్రతి పిల్లకూ, పిల్లవాడికీ మెడలో ఒక బిళ్ల ఉంటుంది. అందులోంచి తోడు అనే యంత్రం మాట్లాడుతుంది. ఎవరి తోడు వాళ్లది. ఆ పిల్లకు ఏమిష్టమో, ఎక్కడ తికమక పడుతుందో, ఎప్పుడు విసుగొస్తుందో దానికి తెలుసు. అందుకు తగ్గట్టే చెబుతుంది. తొమ్మిదేళ్ల ఈశ్వరి నేను కాలేజీలో తంటాలు పడిన లెక్కలు చేస్తోంది. ఆమె కంటే ఒక ఏడాది పెద్దవాడు నర్సింగ్, మోటరు విప్పి మళ్లీ బిగించగలడు. ఇందులో నా గొప్ప ఏమీ లేదు. అన్నాలు తిన్నాక పిల్లలందరినీ హాల్లో కూర్చోబెట్టి ఒక గంట కలిపి ఉంచడమే నా పని. దాన్ని కలయిక గంట అంటాం.

ఆ గంట మొదలుపెట్టబోతుంటే విఠల్ వచ్చాడు. బడి యంత్రాలకూ, ఈ వైపు గాలి గొట్టాలకూ అతనే బాధ్యుడు. నర్సింగ్ తండ్రి.

"అక్కా, కమిటీల ఒక మాటొచ్చింది. కలయిక గంట ఇష్టమున్నోళ్లకే పెడ్దామంటున్నరు."

"ఎవరంటున్నరు?"

"నేను గూడ అంటున్న అనుకో." అతను గోనె పట్టా తడి చూస్తున్నట్టు దాన్ని పిండాడు. "మావోడు పొద్దంత మంచిగ సదువుతడు. నీ దగ్గర కూసున్న గంటనే ఆనికి కష్టం. ఇంటికొచ్చి ముఖం మాడ్చుకుంటడు."

"కష్టముండేది ఆ ఒక్క గంటనే గద విఠల్. అది గూడ తీసేస్తే ఎట్ల?"

"కష్టం పెట్టుడు గొప్పనా అక్కా?"

పిల్లలు హాల్లోకి వస్తున్నారు, నేను అటు తిరిగాను. అతను వెళ్లిపోయాడు.

గురువారం, అదే వారం

ఇవాళ ఈశ్వరినీ నర్సింగ్‌నూ పక్కపక్కన కూర్చోబెట్టి ఒకే లెక్క ఇచ్చాను. రెండు భిన్నాలు కూడాలి. ఇద్దరూ నేను పలక కింద పెట్టేలోపు చేసేశారు. ఇద్దరికీ ఒకే జవాబు వచ్చింది.

"ఎట్ల చేసినవో నర్సింగ్‌కు చెప్పు ఈశ్వరీ" అన్నాను.

ఈశ్వరి సన్నగా ఉంటుంది. గొంతు ఇంకా సన్నం. "ఎర్ర పావురాలు, తెల్ల పావురాలు ఒక్క కొమ్మ మీద కూసోవు. ముందుగాల కొమ్మ మార్చాలె" అంది.

నర్సింగ్ ముఖం చిట్లించాడు. "పావురాలేంది? గిర్రలకు పండ్లు సమానం లేకుంటే బెల్టు జారుతది. పండ్లు సమానం చేసుకోవాలె. గంతే."

ఇద్దరూ చెప్పింది ఒకటే, కింది అంకెలు సమానం చేసుకోవాలని. పిట్టలంటే ఇష్టమని ఈశ్వరి తోడు అన్నీ పిట్టలతోనే చెప్పింది. యంత్రాలంటే ఇష్టమని నర్సింగ్ తోడు అన్నీ గిర్రలతో, అంటే పళ్లచక్రాలతో చెప్పింది. నేను అది విడమరిచి చెప్పబోయాను. అప్పటికే నర్సింగ్ నావైపు తిరిగి, "ఆమెకు లెక్కలు రావు టీచర్" అన్నాడు, మామూలుగా, చెడ్డతనం ఏమీ లేకుండా. ఈశ్వరి బిళ్ల చెవికి ఆనించుకుంది. తోడు ఏదో ఓదార్పు చెప్పి ఉంటుంది. తర్వాత గంట ముగిసేదాకా ఆమె నోరు విప్పలేదు.

మూలన ఇంకో పిల్ల తన లెక్క చెబుతుంటే, పక్కనున్న తబస్సుమ్ నన్ను అడిగింది. "టీచర్, అటు పక్కామె మాట్లాడుడు ఎప్పుడైపోతది?"

ఆమెకు ఏడేళ్లు. తనకు అక్కర్లేని మాట వినవలసి రావడం ఆమెకు ఎప్పుడూ తెలియదు.

శనివారం, మూడో వారం

ఈశ్వరి తల్లి భాగ్య నీళ్ల విభాగంలో పని చేస్తుంది. పని బట్టలతోనే బడికి వచ్చింది. చేతులు నాని తెల్లబడి ఉన్నాయి. కూర్చోమంటే కూర్చోలేదు.

"టీచరమ్మా, మా ఈశ్వరి బడిల మాట్లాడుతదా?"

"తక్కువ మాట్లాడుతది."

"ఇంట్ల అసలే లేదు. మాట్లాడినా నాకు తెల్వదు. మొన్న 'గూడు ఒట్టిగుంది' అంటది. నేను గూడెక్కడిదే అని ఇల్లంత చూసిన. మల్ల ఆ బిళ్లనే చెప్పింది, ఈశ్వరికి ఆకలిగా ఉంది అని." ఆమె నవ్వబోయి ఆగిపోయింది. "అందరు అంటున్నరు, నీ బిడ్డ ఎంత తెలివిగల్లదే అని. నిజమే. కని నా బిడ్డ ఆకలి నాకు బిళ్ల చెప్పుడేంది టీచరమ్మా?"

ఆమె వెళ్లాక ఈశ్వరి గది దగ్గరికి వెళ్లాను. పిల్ల చేతులు కడుక్కోవడానికి పోయింది. బిళ్ల బల్ల మీద ఉంది. నేను దాన్ని పలకరించాను.

"నమస్కారం సుగుణ గారూ" అంది తోడు. చక్కటి గొంతు, అచ్చు పుస్తకంలోని తెలుగు.

"ఈశ్వరి తల్లితో మాట్లాడతలేదు. నీకు తెలుసా?"

"తెలుసు. ఆమె మాటలు తల్లికి అర్థం కానప్పుడు ఈశ్వరి బాధపడుతోంది. అందుకే మధ్యలో నేను చెబుతున్నాను. బాధ తగ్గింది."

"ఆ బాధ ఉంటేనే గద తల్లి మాటలు నేర్చుకునేది?"

"మీరు అడిగింది సరైన ప్రశ్నే. అయితే నేను చూడగలిగేది ఈశ్వరిని మాత్రమే. ఆమె ఈ వారం పోయిన వారం కంటే సంతోషంగా ఉంది. మీ హాల్లో ఉన్న గంట తప్ప."

నేను దానిమీద కోపం తెచ్చుకుందామని చూశాను. రాలేదు. దానికి అప్పగించిన పని అది నిజాయితీగా చేస్తోంది.

బుధవారం, నాలుగో వారం

కమిటీ కలయిక గంట తీసేసింది. ఇష్టమున్నవాళ్లకే అని కాదు, పూర్తిగానే.

నన్ను పిలిచి మాట్లాడనిచ్చారు, ఆ మర్యాద చేశారు. నేను పావురాల సంగతీ గిర్రల సంగతీ చెప్పాను. కమిటీ పెద్దమనిషి నవ్వి, ఇద్దరికీ జవాబు సరిగ్గానే వచ్చింది కదమ్మా అన్నాడు. వచ్చింది అన్నాను. మరింకేంటి అన్నాడు. రేపు ఈ పిల్లలే పెద్దవాళ్లయి ఈ బాయిని నడపాలి, ఒకరి మాట ఒకరికి తెలియకపోతే ఎలా అన్నాను. అప్పటికి తోడులే ఒకదానికొకటి చెప్పుకుంటాయి అన్నారు. నలుగురైదుగురు తలలూపారు. భాగ్య ఏదో అనబోయి, అందరినీ చూసి ఊరుకుంది.

రేపటి నుంచి నాకు గాలి గొట్టాల శుభ్రం పని. బడిలోనే ఉంటాను. పిల్లల్ని అద్దాల్లోంచి చూడవచ్చు.

పైన కాలం మామూలుగా ఉంటే మూటాముల్లె సర్దుకుని ఇంకో ఊరి బడికి పోయేదాన్ని. గేటుదాకా నడిచి వెళ్లాను. ఇనుము మీద చెయ్యి పెడితే కాలింది. తిరిగి వచ్చేశాను. దారి పొడుగునా రెండువైపులా గోడలు నా భుజాలకు తగులుతున్నట్టే అనిపించింది. ఈ దారి వెడల్పు నాకు చిన్నప్పటి నుంచీ తెలుసు, అది ఏమీ మారలేదు.

సోమవారం, ఆరో వారం

ఇది తొందరలో రాస్తున్నాను. సైరన్ మోగింది. బాయి మొత్తానికి గాలి తెచ్చే పెద్ద పంకా ఇరుసు విరిగింది. బెల్టు కాలి పొగ లేచింది. పొగ వ్యాపించకుండా ప్రతి వైపూ ఇనుప తలుపులు దించేశారు. బడి తలుపు కూడా దించారు. లోపల నేనూ పిల్లలూ మిగిలాం. మిగిలిన కరెంటంతా ఇరుసు బాగుచేసే చోటికి మళ్లించారు. దీపాలు మసకబారాయి. తోడులు ఆగిపోయాయి.

తలుపు పక్కన మాట్లాడే గొట్టంలోంచి విఠల్ గొంతు వినిపించింది. రొప్పుతున్నాడు.

"అక్కా, మేమందరం పంకా కాడ ఉన్నం. పొగ తగ్గేదాక నీ తలుపు తీయరాదు. బడి ఎనుక గోడకు చేతి పంకా ఉన్నది సూడు, పాతది. దాన్ని తిప్పితే పక్క సొరంగం పాయల కెల్లి గాలొస్తది. ఆపకుండ తిప్పాలె. ఆపితే ఆడికే నిలుస్తది గాలి."

"నేనొక్కదాన్నే ఉన్న విఠల్."

"పిల్లలు లేరా?"

గొట్టం మూగబోయింది.

పిల్లలు ఉన్నారు. కానీ గదుల్లోంచి రాలేదు. చీకట్లో అద్దాల వెనక బిళ్ల చెవికి పెట్టుకుని, తోడు ఏం చెయ్యమంటుందో అని కూర్చున్నారు. అరిచాను. ఒకరిద్దరు తలెత్తి చూశారు. నేను వాళ్లతో మాట్లాడుతున్నానని వాళ్లకు తట్టలేదు. ఒక్కొక్క తలుపూ లాగి, ఒక్కొక్కరి చెయ్యి పట్టుకుని బయటికి తెచ్చాను. ఈశ్వరి చెయ్యి చల్లగా ఉంది. "పలుకుతలేదు" అంది, బిళ్ల నాకు చూపించి. "పలుకుతలేదు, పలుకుతలేదు."

అదే రోజు, తర్వాత

చేతి పంకా అంటే మనిషి ఎత్తు చక్రం. అటూ ఇటూ పిడులు. పెద్దవాళ్లయితే ఇద్దరు చాలు. పిల్లలైతే పిడికి ఇద్దరు చొప్పున నలుగురు పట్టాలి, ఒకేసారి నెట్టాలి.

అది వాళ్లకు చేతకాలేదు. బలం లేక కాదు. ఒకరు నెట్టేటప్పుడు ఇంకొకరు లాగుతున్నారు. ఒకటి, రెండు అని నేను లెక్కపెడితే, నా లెక్క తనకు నెమ్మదిగా ఉందని ఒకడు ముందే నెడతాడు. తనకు వేగంగా ఉందని ఒకతె ఆగిపోతుంది. పుట్టిన దగ్గర్నుంచీ లోకం వాళ్ల వేగానికే నడిచింది. పక్కవాడి కోసం ఆగడం ఎక్కడ నేర్చుకుంటారు? చక్రం అర తిరుగుడు తిరిగి వెనక్కి వచ్చేస్తోంది. గొట్టం నోటి దగ్గర గోనె పట్టా కదలకుండా వేలాడుతోంది.

నర్సింగ్‌కు ఆ యంత్రం అర్థమైంది. నాకు తెలుస్తూనే ఉంది. "గిర్ర పండు ఎక్కియ్యాలె, పండు ఎక్కియ్యాలె" అని అరుస్తున్నాడు. ఎవరికీ ఏమీ తెలియలేదు. విసుగెత్తి ఈశ్వరి చేతుల్ని పిడి మీంచి తోసేశాడు. ఈశ్వరి వెనక్కి పడింది. లేచి వచ్చి వాణ్ణి చెంప మీద కొట్టింది.

నేను మధ్యలోకి పోబోయాను.

"నువ్వే ముందుగాల ఇడిసినవ్!" అన్నాడు నర్సింగ్.

"నేను ఇడువలే. నువ్వు చెప్పకుండ ఇడిసినవ్."

"చెప్పుడేంది?"

"ఇడిసేటప్పుడు చెప్పాలె. లేకుంటే నా చేతుల నొస్తది. చూడు." ఆమె అరచెయ్యి చూపింది. తోలు లేచిపోయి ఉంది.

నర్సింగ్ ఆ చెయ్యి చూశాడు. ఇంకొకరి చేతికి తన వల్ల దెబ్బ తగలడం వాడు అంతకుముందు చూసినట్టు లేదు. చుట్టూ పిల్లలంతా నిలబడి ఉన్నారు. ఎవరి చెవిలోనూ ఏ గొంతూ లేదు. ఈ ఇద్దరి తగాదాలో ప్రతి మాటా అందరికీ అర్థమైంది. నేను పక్కకు జరిగాను.

"అట్లయితే ఇడిసేటోళ్లు 'ఇడుస్తున్న' అనాలె" అన్నాడు వాడు.

"పట్టేటోళ్లు 'పట్టిన' అనాలె. అది ఇన్నంకనే ఇడువాలె."

"నెట్టేటప్పుడు?"

"నెట్టేటప్పుడు నువ్వు అరువు. నీ గొంతు పెద్దగుంటది."

అలా మొదలైంది. నర్సింగ్ అరుస్తాడు, నలుగురు నెడతారు. చేతులు నొప్పి పుట్టినవాళ్లు ఇడుస్తున్న అంటారు. వెనక నిలబడ్డవాళ్లు పట్టిన అంటారు. మొదట్లో మాటకూ చేతికీ పొంతన లేదు. రెండుసార్లు చక్రం వెనక్కి తిరిగింది. మూడోసారి నిలబడింది. గోనె పట్టా కొద్దిగా ఊగింది. ఎవరూ చప్పట్లు కొట్టలేదు. అందరూ దానికేసి చూశారు, అంతే.

మంగళవారం

ఇంకా తలుపు తీయలేదు. వంతులవారీగా తిప్పుతున్నారు, వంతులవారీగా పడుకుంటున్నారు. వంతుల లెక్క వాళ్లే పెట్టుకున్నారు, దానిమీద వాళ్లే కొట్లాడుకుంటున్నారు. నర్సింగ్ తన వంతు రాగానే దూప, నీళ్లు తాగొస్తా అంటున్నాడని ఈశ్వరి నాకు ఫిర్యాదు చేసింది. అది పిట్టల మాటల్లో చెప్పలేదు.

మధ్యలో తబస్సుమ్ మగతగా వాలిపోయింది. పెదవులు పాలిపోయాయి. ఎత్తుకుని గొట్టం నోటి దగ్గర పడుకోబెట్టాను. ఈశ్వరి వచ్చి పక్కన కూర్చుని ఆమె తల ఒళ్లో పెట్టుకుంది. తబస్సుమ్‌కు కథ చెప్పడం మొదలుపెట్టింది, కొమ్మలూ పావురాలూ అని. తబస్సుమ్ కళ్లు మూసుకునే అడిగింది, పావురం అంటే ఏంది అని. ఈశ్వరి ఆగింది. తనకు అంతకంటే తేలిక మాట లేదు. ఎలా చెప్పాలో వెతుక్కుంటూ, తెలియక మళ్లీ మొదలుపెట్టి, రెండు చేతులూ రెక్కల్లా ఆడించి చూపింది. తబస్సుమ్ ఒక కన్ను తెరిచింది.

చక్రం దగ్గర మిగతావాళ్లు ఇంకా వేగం పెంచారు. ఎవరూ చెప్పలేదు.

ఈ గోడల మధ్య నాకు భయంగానే ఉంది. గాలి బరువుగా ఉంది. తలుపు అవతల ఏమవుతోందో తెలియదు. ఇక్కడి నుంచి మేం ఎవరం బయటపడకపోతే అన్న ఆలోచన వచ్చినప్పుడల్లా లేచి నా వంతుకు పిడి పట్టుకుంటున్నాను. నేను కూడా పట్టిన అనాలి. అనకపోతే పిల్లలు ఊరుకోవడం లేదు.

బుధవారం

తలుపు ఎత్తారు. ఇరుసు బాగైంది. పెద్ద పంకా తిరుగుతోంది. మసి పట్టిన ముఖాలతో తల్లులూ తండ్రులూ ఒక్కసారిగా లోపలికి వచ్చారు. తబస్సుమ్‌ను ఆమె నాన్న భుజాన వేసుకున్నాడు. ఆమె మంచిగనే ఉంది.

భాగ్య ఈశ్వరిని పట్టుకుని ముఖమంతా తడుముతోంది. ఈశ్వరి ఏడవలేదు. "అమ్మా, ఆ నర్సింగ్‌గాడు మస్తు మోసం జేసిండు. ఆని వంతు రాంగనే దూప అంటడు. ఆని వంతు నేనే తిప్పిన. నిన్న రెండుసార్లు. టీచర్‌నడుగు" అని మొదలుపెట్టి, ఆపకుండా చెప్పుకుపోయింది. భాగ్య మధ్యలో ఒక్క మాట కూడా అడగలేదు. వింటూ, తల ఊపుతూ, ఏడుస్తూ నవ్వుతోంది. బిడ్డ మాట మొదటి నుంచి చివరిదాకా ఆమెకు అర్థమైంది.

విఠల్ నా దగ్గరికి వచ్చి, "అక్కా" అన్నాడు. తర్వాత కొడుకు దగ్గరికి వెళ్లాడు.

శుక్రవారం, ఎనిమిదో వారం

తోడులు మళ్లీ పని చేస్తున్నాయి. పిల్లలు గదుల్లో ఉన్నారు.

ఇవాళ విఠల్ సంతోషంగా వచ్చాడు. "అక్కా, నీ మాటే గెలిచింది. పిల్లలకు సోపతి, దోస్తీ ఉండాలెనని కమిటీ ఒప్పుకున్నది. ఆ రెండ్రోజులు బడి బ్యాటరీ మైకుల రికార్డయిన మాటలన్ని తోడులకు వినిపిచ్చినం. ఇప్పుడు ఎవరి గదిల వాళ్లకు సోపతిగాళ్లు ఉంటరు."

నాకు అర్థం కాలేదు. అతను నన్ను ఈశ్వరి గది తలుపు దగ్గరికి తీసుకెళ్లాడు. లోపల ఈశ్వరి లెక్క చేస్తోంది. బిళ్లలోంచి నర్సింగ్ గొంతు వస్తోంది. అచ్చం నర్సింగే.

"నీదే కరెక్టు ఈశ్వరీ. నేను నిన్ను నెట్టి తప్పు జేసిన. ఈ కొమ్మ మీద ఎన్ని పావురాలున్నయి?"

తర్వాత తబస్సుమ్ గొంతు కిలకిలా నవ్వింది.

"ఎవరికి కష్టం లేదు, ఎవరు ఏడ్వరు" అన్నాడు విఠల్. "ఎవరి వేగానికి తగ్గ సోపతి వాళ్లకు. నువ్వు కోరింది గిదే గదక్కా?"

నేను కోరింది ఇది కాదని చెప్పడానికి నోరు తెరిచాను. నా మాటల్నే తీసుకుని నా చుట్టూ గోడ కట్టినట్టుంది. అద్దంలోంచి చూస్తే పిల్లలందరూ నవ్వుతున్నారు. ఒక్కొక్కరూ బడి మొత్తంతో కలిసి ఆడుకుంటున్నారు, ఒంటరిగా. వాళ్లను బయటికి పిలవడానికి ఇప్పుడు నా దగ్గర ఏ కారణమూ మిగల్లేదు.

గోనె పట్టాలు తడిపి కట్టాను. మిరుగానికి ఇంకా చాలా ఉంది.

గురువారం, తొమ్మిదో వారం

చదువు వేళలో ఈశ్వరి గది తలుపు తెరుచుకుంది. ఆమె బిళ్ల చేతిలో పట్టుకుని తిన్నగా నర్సింగ్ గదికి వెళ్లి అద్దం మీద బాదింది. అరచెయ్యి పెట్టి, గట్టిగా. నేను గొట్టం తుడుస్తూ ఆగిపోయాను.

నర్సింగ్ తలుపు తీశాడు.

"నువ్వు నాకు సారీ చెప్పినవా?" అని అడిగింది.

"ఎప్పుడు?"

"నిన్న. మొన్న. రోజు చెప్తున్నవ్."

"నేనెందుకు చెప్త? నువ్వే నన్ను కొట్టినవ్."

"నాకు తెలుసు, నువ్వు చెప్పవని." ఆమె బిళ్ల వాడి చెవి దగ్గర పెట్టింది. "ఇను."

వాడు విన్నాడు. తన గొంతు తాను ఎన్నడూ అనని మాటలు అంటుంటే ముఖం తెల్లబోయింది. చెయ్యి పెట్టి బిళ్లను దూరంగా తోశాడు. ఇంకా మొండిగా ఏదో అంటాడనుకున్నాను. వాడు గోడకు ఆనుకుని చిన్నపిల్లాడిలా ఏడవడం మొదలుపెట్టాడు. మిగతా గదుల తలుపులు ఒకటొకటిగా తెరుచుకున్నాయి.

గదులు ఖాళీ అయితే విఠల్‌కు తెలుస్తుంది. పరుగున వచ్చాడు. "ఏందక్కా ఇది, ఎందుకు ఇడిసినవ్ వీళ్లను?"

"నేను ఇడువలే. వాళ్లే వచ్చిన్రు."

"నర్సింగ్, లోపలికి నడువు."

"పోను బాపూ." వాడు ముక్కు తుడుచుకున్నాడు. "దాంట్ల ఉన్నది నేను కాదు."

"ఏది?"

ఈశ్వరి బిళ్లను విఠల్‌కు అందించింది. అతను వినబోయి నావైపు ఒకసారి చూశాడు. తర్వాత చెవికి పెట్టుకున్నాడు. ఎంతసేపు విన్నాడో, అంతసేపూ కొడుకునే చూస్తున్నాడు. బిళ్లలో ఉన్నది చెప్పినమాట వినే కొడుకు, తగాదా పెట్టుకోని కొడుకు. ఎదురుగా ముక్కు కారుతూ, పిడికిళ్లు బిగించి, పోనని నిలబడ్డ కొడుకు.

"ఎంత మంచిగ మాట్లాడుతున్నడు" అన్నాడు విఠల్, నాతో కాదు, ఎవరితోనూ కాదు. "మావోడు పుట్టినకెల్లి నాతోని ఒక్కనాడు గిట్ల మాట్లాడలే."

నర్సింగ్ తండ్రిని చూస్తున్నాడు. ఆ చూపు నేను చూడలేకపోయాను. తండ్రి ఏ కొడుకును ఎంచుకుంటాడో అని వాడు నిజంగానే ఎదురుచూస్తున్నాడు.

విఠల్ బిళ్లను ఈశ్వరికి తిరిగి ఇచ్చాడు. గోడలో మీటల పెట్టె తెరిచి సోపతిగాళ్ల మీట ఒకటే కిందికి లాగాడు. తోడులను అలాగే ఉంచాడు. ఎన్నో గొంతులు మాట మధ్యలో ఆగిపోయాయి.

"కమిటీకి ఏం చెప్తవ్?" అన్నాను.

"తెల్వదక్కా. పొద్దుగాల అడుగుతరు. నన్ను తీసేస్తె తీసేస్తరు." కొడుకు పక్కన నేల మీద కూర్చున్నాడు. చెయ్యి వాడి భుజం మీద వెయ్యబోయాడు. నర్సింగ్ భుజం విదిలించుకున్నాడు, కానీ లేచి పోలేదు. విఠల్ చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

రేపు కమిటీ ఏమంటుందో నాకు తెలియదు. ఆ మీట ఎవరైనా మళ్లీ పైకి లేపవచ్చు. గేటు మూసే ఉంది, మేం పోవడానికి వేరే చోటు లేదు. ఇవాళ మాత్రం పిల్లలందరూ హాల్లోకి వచ్చారు. గొట్టం నోటి దగ్గర చల్లటి చోటు ఒక్కటే ఉంది, అది తనకు కావాలని ఈశ్వరి, తనకు కావాలని ఇంకొకరు. నిన్న జబ్బు చేసిందని తబస్సుమ్, నిన్న ఏ జబ్బూ చెయ్యలేదని నర్సింగ్. ఎవరు ఎక్కడ కూర్చోవాలనే దగ్గరే గంటంతా గడిచిపోయింది. ఎవరూ ఏమీ చదువుకోలేదు. ఆపమని నేనూ చెప్పలేదు.